ఆన్‌లైన్ యాడ్స్ మీద జీఎస్టీ: శ్రీకాకుళం, విజయనగరం వ్యాపారులు మొదటి రోజు నుంచి ఏం చూసుకోవాలి

పలాసలో మా బావ జీడిపప్పు వ్యాపారానికి ఆన్‌లైన్ యాడ్స్ మొదలుపెట్టింది నేనే. పాకెట్లు కట్టి పార్సిల్ పంపే పని వాళ్లది, యాడ్ నడిపే పని నాది. అకౌంటు తెరిచేటప్పుడు తొందరలో నా పేరు, నా కార్డు పెట్టి, ‘వ్యక్తిగతం’ అన్న ఆప్షన్ నొక్కేసి, జీఎస్టీ నంబరు అడిగిన గడిని ఖాళీగా వదిలేశాను. తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను. 14 నెలల్లో యాడ్లకి 2,60,000 రూపాయలు ఖర్చయింది, దాని మీద 18 శాతం చొప్పున 46,800 టాక్స్ పడింది. బావకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఆ 46,800 క్రెడిట్‌గా, అంటే అమ్మకాల మీద కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునేలా, తిరిగి రావాల్సిన డబ్బు, కానీ బిల్లులన్నీ నా పేరు మీద, నంబరు లేకుండా ఉన్నాయి. పాత బిల్లులు మార్చమని ఎన్నిసార్లు అడిగినా కుదరలేదు. ఆడిటర్ గారు ఆ కాగితాలు చూసి పక్కన పెట్టేశారు. బావ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

అప్పటి నుంచి మన రెండు జిల్లాల్లో తెలిసినవాళ్లు ఎవరు యాడ్ పెడుతున్నామన్నా ముందు ఇదే చెబుతున్నాను. ఇక్కడ దాన్నే వరసగా, నేను చేయించే క్రమంలోనే రాస్తున్నాను.

ముందుగా, ఈ టాక్స్ ఏమిటి

2017 జూలై 1కి ముందు సరుకుల మీద రాష్ట్రం వ్యాట్ వసూలు చేసేది, సేవల మీద కేంద్రం సర్వీస్ టాక్స్ వేసేది, అది చివర్లో 15 శాతం ఉండేది. హోర్డింగుల్లాంటి వాటి మీద ప్రకటనల పన్ను వేసే అధికారం రాష్ట్రాల జాబితాలో విడిగా ఉండేది, 2016 నాటి 101వ రాజ్యాంగ సవరణతో ఆ పద్దు తీసేశారు. ఇప్పుడు ఆన్‌లైన్ యాడ్ కొంటే పడేది ఒక్కటే, జీఎస్టీ, 18 శాతం. ఇంటర్నెట్‌లో ప్రకటన స్థలం అమ్మే సేవకు కోడ్ 998365, బిల్లు మీద ఎక్కడో ఒక మూల ఈ కోడ్ గానీ 9983తో మొదలయ్యే దగ్గరి కోడ్ గానీ కనిపిస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని తేడా ఒకటి ఉంది. పేపర్లో అచ్చయ్యే ప్రకటనకి స్థలం కొంటే జీఎస్టీ 5 శాతమే. అదే పత్రిక వెబ్‌సైటులో బ్యానర్ పెడితే 18 శాతం. రెండూ కలిపి ప్యాకేజీగా ఇస్తామని ఏజెంటు వస్తే, బిల్లులో పేపర్ ముక్క విడిగా, వెబ్ ముక్క విడిగా వేయమనండి, లేకపోతే తర్వాత రేటు దగ్గర పేచీ వస్తుంది.

మొదటి పని: మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోండి

యాడ్ అకౌంటు తెరవకముందే ఈ లెక్క తేలాలి, ఎందుకంటే 18 శాతం అందరి దగ్గరా తీసుకుంటారు గానీ తిరిగి వచ్చేది కొందరికే.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, మామూలు పద్ధతిలో టాక్స్ కట్టే వ్యాపారం అయితే యాడ్ మీద కట్టిన 18 శాతం క్రెడిట్‌గా వస్తుంది. ప్రకటనల ఖర్చు మీద క్రెడిట్ ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదు. బట్టల షాపు, ఫర్నిచర్, కోచింగ్ సెంటర్, జీడిపప్పు హోల్‌సేల్ అన్నీ ఇందులోకి వస్తాయి.

కాంపొజిషన్ స్కీములో ఉంటే రాదు. టర్నోవర్ మీద 1 శాతం కట్టి సరిపెట్టుకునే కిరాణా వాళ్లకి, చిన్న షాపులకి యాడ్ మీద టాక్స్ పూర్తిగా ఖర్చే. రిజిస్ట్రేషనే లేని వాళ్లకీ అంతే. మన రాష్ట్రంలో సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా, సేవలు ఇచ్చేవాళ్లకి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఒక మెలిక. యాడ్ చూసి బరంపురం నుంచో హైదరాబాద్ నుంచో ఆర్డర్ వచ్చి మీరు సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. సరుకుల విషయంలో మొదటి అంతర్రాష్ట్ర అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 40 లక్షల పరిమితి అక్కడ పనికిరాదు, కొన్ని హస్తకళల వస్తువులకి మాత్రం సడలింపు ఉంది. కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లయితే పక్క రాష్ట్రానికి అసలు అమ్మనే కూడదు. అందుకే యాడ్ ఏ ఊళ్లకి చూపించాలో పెట్టే చోట ‘భారతదేశం మొత్తం’ అని నొక్కే ముందు ఆగండి. ఇచ్ఛాపురం దాటితే వేరే రాష్ట్రం.

మూడో కోవ వాళ్లే ఎక్కువగా పొరపాటు పడతారు. రిజిస్ట్రేషన్ ఉంటుంది, రిటర్నులు వేస్తారు, అయినా క్రెడిట్ రాదు, ఎందుకంటే వాళ్లు అమ్మేదాని మీద టాక్స్ లేదు. మన దగ్గరి ఉదాహరణలే చెబుతాను. ఖాదీ కమిషన్ గుర్తింపు ఉన్న సంస్థ అమ్మే ఖాదీ బట్టకి జీఎస్టీ లేదు, కాబట్టి పొందూరు ఖద్దరు అమ్మే అలాంటి సంఘం యాడ్ పెడితే ఆ 18 శాతం తిరిగి రాదు. చేత్తో చేసిన దేశీ సంగీత వాయిద్యాలకీ జీఎస్టీ లేదు, అంటే బొబ్బిలి వీణలు చేసే కుటుంబం యాడ్ పెట్టినా అదే పరిస్థితి. ఆసుపత్రులు, స్కూళ్లు కూడా అంతే. టాక్స్ ఉన్నవీ లేనివీ రెండూ అమ్మేవాళ్లకి టాక్స్ ఉన్న అమ్మకాల వాటా మేరకే క్రెడిట్.

5 శాతం కడుతూ క్రెడిట్ వదులుకున్న వాళ్లు ఇంకో రకం. మెస్సులు, హోటళ్లు ఎప్పటి నుంచో ఈ పద్ధతిలో ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదులున్న లాడ్జీలు, బ్యూటీ పార్లర్లు, జిమ్ములు కూడా క్రెడిట్ లేని 5 శాతంలోకి వచ్చాయి. అరసవల్లి రథసప్తమికి గదులు నిండాలని యాడ్ పెట్టే లాడ్జి ఓనరు బడ్జెట్ వేసేటప్పుడు 10,000 అంటే 11,800 అనే లెక్కేసుకోవాలి.

మీకు క్రెడిట్ రాదని తేలితే ఆ టాక్స్ యాడ్ ఖర్చులో భాగంగా ఆదాయపు పన్ను లెక్కల్లో రాసుకోవచ్చు. క్రెడిట్ తీసుకుంటే మాత్రం అదే మొత్తాన్ని మళ్లీ ఖర్చుగా రాయకూడదు.

రెండో పని: అకౌంటు తెరిచేటప్పుడు ఆ నాలుగు గడులు

మొత్తం వ్యవహారం ఇక్కడే ఉంది. యాడ్ బొమ్మ ఎలా ఉండాలో వారం రోజులు ఆలోచిస్తాం, ఈ నాలుగు గడులకి నాలుగు నిమిషాలు ఇవ్వం.

ఒకటి, అకౌంటు రకం. ‘వ్యక్తిగతం’ కాదు, ‘సంస్థ’ లేదా ‘వ్యాపారం’ అన్నదే ఎంచుకోండి. సొంత యజమాన్యం, ఒక్కరే ఓనర్ అయినా సరే అదే. రెండు, పేరు. జీఎస్టీ సర్టిఫికెట్ మీద ఉన్న చట్టబద్ధమైన పేరు ఉంటుంది, ట్రేడ్ పేరు ఉంటుంది, సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి. మూడు, చిరునామా. సర్టిఫికెట్‌లో ఉన్న వ్యాపార స్థలమే, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. నాలుగు, జీఎస్టీ నంబరు. 15 అక్షరాలు, మొదటి రెండంకెలు 37 ఉండాలి, తర్వాత పది మీ పాన్. 37 అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణది 36, ఒడిశాది 21.

గూగుల్ యాడ్స్‌లో బిల్లింగ్ సెట్టింగ్స్ లోపల టాక్స్ సమాచారం అన్న చోట, మెటాలో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల సంస్థ) బిల్లింగ్ విభాగంలో వ్యాపార సమాచారం అన్న చోట ఈ నంబరు అడుగుతారు. బటన్ల పేర్లు, చోట్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి, కనిపించకపోతే సెట్టింగ్స్‌లో ‘టాక్స్’ అని వెతకండి. దేశం, కరెన్సీ మాత్రం మొదటిసారే సరిగ్గా పెట్టండి, తర్వాత మార్చాలంటే దాదాపు కొత్త అకౌంటు తెరవాల్సిందే.

ఫేస్‌బుక్ పేజీలో ‘బూస్ట్’ బటన్ నొక్కేవాళ్లకి ఇంకో మాట. ఆ బటన్ నొక్కినా వెనక ఒక యాడ్ అకౌంటు తయారవుతుంది, చాలాసార్లు అది పేజీ నడిపే కుర్రాడి పేరు మీద ఉంటుంది. 300, 500 చొప్పున బూస్ట్ చేస్తూ పోయినా ఏడాదికి అది పెద్ద మొత్తమే అవుతుంది, టాక్స్ మాత్రం ఆ కుర్రాడి పేరు మీద మునిగిపోతుంది. షాపు పేరుతో, షాపు జీఎస్టీ నంబరుతో అకౌంటు తెరిచి, ఆ కుర్రాడికి అందులో నడిపే అనుమతి ఇవ్వండి. పని వాడిది, అకౌంటు మీది.

మూడో పని: ఏ రాష్ట్రం టాక్స్ పడుతుందో అర్థం చేసుకోవడం

“మన యాడ్ ఒడిశా వోల్లకి కూడా వెల్తోంది కదండీ, అక్కడి టాక్స్ కూడా కట్టాలేటి?” అని టెక్కలిలో ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న, చాలామందికి ఈ అనుమానం ఉంది.

అక్కర్లేదు. యాడ్ ఎవరు చూశారు, ఎక్కడ చూశారు అన్నదానితో టాక్స్‌కి సంబంధం లేదు. యాడ్ సేవ కొన్నది ఎవరు, వాళ్లు ఎక్కడ రిజిస్టర్ అయ్యారు అన్నదే లెక్క. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకి పడే జీఎస్టీ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ ఉంటే వాళ్లున్న చోటే సేవ అందిన చోటు. రిజిస్ట్రేషన్ లేకపోతే అమ్మినవాళ్ల రికార్డులో ఉన్న మీ చిరునామా చూస్తారు, అదీ లేకపోతే అమ్మినవాళ్లున్న చోటే లెక్కలోకి వస్తుంది. కాబట్టి మీరు విజయనగరంలో ఉండి ముంబైలో వాళ్లకి యాడ్ చూపించినా సేవ అందిన చోటు ఆంధ్రప్రదేశే.

ఇక అమ్మినవాళ్లు ఎక్కడున్నారో చూడాలి. అమ్మినవాళ్లూ మన రాష్ట్రం వాళ్లే అయితే 9 శాతం సీజీఎస్టీ (కేంద్రం వాటా), 9 శాతం ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా). వేరే రాష్ట్రం వాళ్లయితే మొత్తం 18 శాతం ఐజీఎస్టీ. గూగుల్, మెటా భారతీయ సంస్థల బిల్లుల్లో నేను చూసినవాటి మీద అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు 06తో మొదలవుతుంది, అంటే హర్యానా, గురుగ్రామ్. అందుకే మనకి ఐజీఎస్టీ పడుతుంది. విశాఖలోని యాడ్ ఏజెన్సీ బిల్లు ఇస్తే రెండు తొమ్మిదులు, హైదరాబాద్ ఏజెన్సీ అయితే ఐజీఎస్టీ. పాత అలవాటు కొద్దీ హైదరాబాద్‌ని మన రాష్ట్రం కింద లెక్కేసి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసిన బిల్లులు ఇప్పటికీ నా చేతికి వస్తుంటాయి. అలాంటి బిల్లు వస్తే వెంటనే వెనక్కి పంపి ఐజీఎస్టీతో మార్పించుకోండి, ఎందుకంటే తెలంగాణ ఎస్‌జీఎస్టీ మన రాష్ట్రంలో క్రెడిట్‌గా పనికిరాదు.

ఐజీఎస్టీ పడితే ‘మనం లోకల్‌గానే అమ్ముతాం కదా, ఈ క్రెడిట్ దేనికి వాడుకోవాలి’ అని కంగారు పడక్కర్లేదు. ఐజీఎస్టీ క్రెడిట్‌ని ముందు ఐజీఎస్టీ కట్టాల్సింది ఉంటే దానికి, మిగిలింది సీజీఎస్టీకి, ఎస్‌జీఎస్టీకి మీకు వీలైనట్టు వాడుకోవచ్చు. నిజానికి మూడింట్లో బాగా అక్కరకొచ్చే క్రెడిట్ అదే. సీజీఎస్టీ క్రెడిట్‌తో ఎస్‌జీఎస్టీ కట్టడం మాత్రం కుదరదు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు గానీ నాకు ముఖ్యమనిపిస్తుంది. ఐజీఎస్టీలో రాష్ట్రం వాటా చివరికి చేరేది సేవ అందిన రాష్ట్రానికి. రిజిస్ట్రేషన్ లేని చిన్న షాపువాళ్లు చిరునామాలో హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఇంటి అడ్రసు పెడితే ఆ వాటా తెలంగాణకి పోతుంది. మీకు క్రెడిట్ రాకపోయినా సరే, చిరునామా మన ఊరిదే పెట్టండి.

ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలు ఇచ్చే ప్రకటనలకి పద్ధతి వేరు. ఒప్పందంలో ఏయే రాష్ట్రాలకి అని రాస్తే ఆ రాష్ట్రాల మధ్య టాక్స్ పంచుతారు, ఇంటర్నెట్ యాడ్స్‌కి ఆ రాష్ట్రాల్లోని ఇంటర్నెట్ చందాదారుల సంఖ్యను బట్టి వాటా వేస్తారు. మామూలు వ్యాపారికి ఇది అక్కర్లేదు, అలాంటి టెండర్లు తీసుకునే ఏజెన్సీలకి కావాలి.

బరంపురంలో కూడా బ్రాంచి పెట్టి అక్కడ వేరే జీఎస్టీ నంబరు తీసుకున్నవాళ్లయితే, వీలైతే ఒక్కో బ్రాంచికి ఒక్కో యాడ్ అకౌంటు పెట్టుకోండి. రెండింటికీ కలిపి ఒకే బిల్లు వస్తే ఆ క్రెడిట్ పంచడానికి ఇన్‌పుట్ సర్వీస్ డిస్ట్రిబ్యూటర్ అని విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, 2025 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి అయింది.

నాలుగో పని: డబ్బు వేసే ముందు లెక్క

ముందుగా డబ్బు వేసుకుని ఖర్చుపెట్టే పద్ధతిలో చాలామంది మోసపోయామనుకుంటారు. 10,000 వేస్తే అకౌంటులో 8,474 రూపాయల 58 పైసలే కనిపిస్తుంది. మిగతా 1,525 రూపాయల 42 పైసలు జీఎస్టీ. 10,000ని 1.18తో భాగిస్తే ఆ అంకె వస్తుంది. ఎవరూ కాజేయలేదు, టాక్స్ మీరు వేసిన దాంట్లోంచే తీశారు. 10,000 రూపాయల యాడ్ నిజంగా నడవాలంటే 11,800 వేయాలి. తర్వాత కార్డు నుంచి కోసుకునే పద్ధతిలో అయితే ఖర్చు 10,000 అయ్యాక పైన 1,800 కలిపి 11,800 కోస్తారు.

పైడితల్లమ్మ సిరిమాను పండగకి విజయనగరంలో బట్టల షాపు వాళ్లు రోజుకి 1,000 చొప్పున పది రోజులు యాడ్ వేయాలనుకుని 10,000 వేస్తే తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి డబ్బు అయిపోతుంది. పండగ ముందు రోజు, అమ్మకం జోరుగా ఉండాల్సిన రోజు యాడ్ ఉండదు. ఏడాదికోసారి వచ్చే రోజుల్లో ఇలా జరిగితే చాలా బాధగా ఉంటుంది.

కూపన్‌గా ఉచితంగా వచ్చిన యాడ్ క్రెడిట్‌కి మీరు డబ్బు కట్టలేదు కాబట్టి దాని మీద మీకు టాక్సూ లేదు, క్రెడిట్టూ లేదు.

అయిదో పని: బిల్లు దించుకుని చదవడం

డబ్బు కట్టినట్టు వచ్చే మెసేజ్, కార్డు స్టేట్‌మెంట్, పేమెంట్ రసీదు ఏదీ జీఎస్టీ బిల్లు కాదు. ‘టాక్స్ ఇన్‌వాయిస్’ అని రాసి ఉన్న పీడీఎఫ్ దించుకోండి. మొదటిసారి నాతో పాటు కూర్చుని చదివినట్టు చదవండి.

పై భాగంలో అమ్మినవాళ్ల పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు. మొదటి రెండంకెలు చూడండి, 06 అనుకుందాం. కింద కొన్నవాళ్లు, అంటే మీరు. మీ పేరు, మీ 37 నంబరు అక్కడ ఉన్నాయా? నంబరు లేకపోతే మిగతా బిల్లు ఎంత బాగున్నా క్రెడిట్‌కి పనికిరాదు. తర్వాత ‘ప్లేస్ ఆఫ్ సప్లయి’ (సేవ అందిన చోటు) అన్న లైను, ఆంధ్రప్రదేశ్ లేదా 37 ఉండాలి. ఇన్‌వాయిస్ నంబరు, తేదీ. ఆపైన పట్టిక: సేవ కోడ్, టాక్స్ ముందు మొత్తం 10,000, ఐజీఎస్టీ 18 శాతం 1,800, మొత్తం 11,800. చివర్లో ‘రివర్స్ చార్జ్ మీద టాక్స్ కట్టాలా’ అన్న చోట ‘కాదు’ అని ఉండాలి. అక్కడ ‘అవును’ అని ఉన్నా, అమ్మినవాళ్ల చిరునామా విదేశంలో ఉండి టాక్స్ లైనే లేకపోయినా కథ వేరు, కింద చెబుతాను.

నేనైతే ప్రతి నెల మొదటి వారంలో అన్ని బిల్లులూ దించి, ఫైలు పేరులో నెల, మొత్తం రాసి ఒకే ఫోల్డర్లో పెడతాను. ఫోన్లో వాట్సాప్‌లో పంపుకుని వదిలేస్తే ఏడాది చివర్లో ఒక్కటీ దొరకదు.

ఆరో పని: ఏజెన్సీ మధ్యలో ఉంటే

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, మా బావ విషయంలో నేను ఎలా పోగొట్టానో సరిగ్గా అలాగే పోతుంది.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు ‘నెలకి ఎంత’ అన్నది ఎంత ముఖ్యమో, యాడ్ ప్లాట్‌ఫారం బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది అన్నదీ అంతే ముఖ్యం. మూడు రకాలుగా జరుగుతుంది.

అకౌంటు మీది, బిల్లు మీ జీఎస్టీ నంబరు మీద, ఏజెన్సీ నడిపినందుకు ఫీజు మాత్రం తీసుకుంటుంది. నేను ఎప్పుడూ ఇదే చేయమంటాను. యాడ్ టాక్స్ క్రెడిట్ నేరుగా మీకు వస్తుంది, ఏజెన్సీకి రిజిస్ట్రేషన్ ఉంటే ఫీజు మీద వేసిన 18 శాతం కూడా వస్తుంది.

అకౌంటు ఏజెన్సీది, ఏజెన్సీకి జీఎస్టీ ఉంది. ప్లాట్‌ఫారం బిల్లు క్రెడిట్ వాళ్లు తీసుకుంటారు, మీకు యాడ్ ఖర్చు, ఫీజు అన్నీ కలిపి 18 శాతంతో బిల్లు ఇస్తారు. ఇదీ పర్లేదు. ఒక్కటే జాగ్రత్త, మీకు వేసే యాడ్ ఖర్చు అంకె టాక్స్ లేకుండా ఉన్న అంకె కావాలి. ప్లాట్‌ఫారంకి 11,800 కట్టాం అని చెప్పి దాని మీద మళ్లీ 18 శాతం వేస్తే 13,924 అవుతుంది. 1,800 క్రెడిట్ వాళ్లు తీసుకుని, మళ్లీ అదే 1,800 మీ దగ్గర ఖర్చుగా వసూలు చేసినట్టు. ప్లాట్‌ఫారం బిల్లు కాపీ అడగండి, అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అకౌంటు ఏజెన్సీ కుర్రాడిది, అతనికి రిజిస్ట్రేషన్ లేదు. యాడ్ ధరలోనే 18 శాతం దాగి ఉంటుంది, అది ఎవరికీ తిరిగి రాదు. నెలకి 20,000 యాడ్ ఖర్చున్న షాపుకి ఇలా 3,600 చొప్పున ఏడాదికి 43,200 పోతుంది. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు, పని బాగా చేయొచ్చు, అతన్ని మానిపించమని కాదు, అకౌంటు మీ పేరుకి మార్చుకోండి.

ఏడో పని: విదేశం నుంచి బిల్లు వస్తే

కొన్ని ప్లాట్‌ఫారాల బిల్లు సింగపూర్ నుంచో ఐర్లండ్ నుంచో వస్తుంది, టాక్స్ సున్నా ఉంటుంది. టాక్స్ లేదని సంతోషపడకండి. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 18 శాతం ఐజీఎస్టీ మీరే కట్టాలి, దీన్నే రివర్స్ చార్జ్ అంటారు. పలాస, కాశీబుగ్గ వాళ్లకి దీన్ని చెప్పడం తేలిక: రైతు దగ్గర జీడిపిక్కలు కొంటే రైతు టాక్స్ వేయడు, కొన్న మనమే కట్టి, మనమే క్రెడిట్ తీసుకుంటాం కదా, అచ్చం అదే.

పద్ధతి ఇది. బిల్లు మొత్తాన్ని రూపాయల్లోకి మార్చి, మీకు మీరే సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసుకోవాలి, 2024 నవంబరు 1 నుంచి దీనికి 30 రోజుల గడువు పెట్టారు. టాక్స్‌ని నగదుగానే, అంటే క్యాష్ లెడ్జర్లోంచే కట్టాలి, మీ దగ్గరున్న క్రెడిట్‌తో కట్టడానికి లేదు. జీఎస్టీఆర్ 3బీలో (టాక్స్ కట్టేటప్పుడు వేసే రిటర్ను) 3.1 పట్టికలో ‘డీ’ లైనులో చూపించి, అదే మొత్తాన్ని 4వ పట్టికలో సేవల దిగుమతి అన్న చోట క్రెడిట్‌గా తీసుకోవాలి. మీరు డబ్బు కట్టిన తేదీ, మీరు సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసుకున్న తేదీ, ఈ రెండింట్లో ఏది ముందైతే ఆ నెలకి టాక్స్ పడుతుంది. కాంపొజిషన్ వాళ్లు కూడా దీన్ని పూర్తిగా 18 శాతంతో కట్టాల్సిందే, క్రెడిట్ మాత్రం లేదు.

రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి ఈ తలనొప్పి లేదు. ఇంటర్నెట్ ప్రకటనలు చట్టంలో ఆన్‌లైన్ సేవల కింద ఉన్నాయి, అలాంటి సేవ రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి అమ్మితే విదేశీ సంస్థే ఇక్కడ నమోదై టాక్స్ కట్టాలి. 2023 అక్టోబరు 1 నుంచి ఈ నిబంధనను వ్యాపారం కోసం కొనేవాళ్లకీ వర్తించేలా మార్చారు.

పాత వీడియోల్లో విదేశీ సంస్థల ఆన్‌లైన్ యాడ్స్ మీద వేసిన 6 శాతం ఈక్వలైజేషన్ లెవీ గురించి చెబుతుంటారు, గూగుల్ టాక్స్ అని దానికే పేరు. 2016 జూన్ 1న వచ్చింది, 2025 ఏప్రిల్ 1 నుంచి తీసేశారు. ఇప్పుడు దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. అలాగే యాడ్ బిల్లు మీద టీడీఎస్ అన్నది ఆదాయపు పన్ను విషయం, పెద్ద టర్నోవర్ ఉన్నవాళ్లు ఆడిటర్‌ని అడిగి చేసుకోవాలి. జీఎస్టీ విడిగా చూపించిన బిల్లులో టాక్స్ ముందు అంకె మీదే అది లెక్క వేస్తారు.

ఎనిమిదో పని: క్రెడిట్ నిజంగా తీసుకోవడం

బిల్లు చేతిలో ఉంటే చాలదు. అమ్మినవాళ్లు తమ రిటర్నులో చూపించాలి, అది మీ జీఎస్టీఆర్ 2బీలో, అంటే పోర్టల్లో మీ నంబరు మీద వచ్చిన బిల్లుల జాబితాలో, కనిపించాలి. ప్రతి నెల 14న 2బీ తయారవుతుంది. ఫోల్డర్లో ఉన్న పీడీఎఫ్‌లని 2బీలో లైన్లతో ఒక్కొక్కటిగా టిక్ పెట్టుకోండి, అంకె, తేదీ, ఇన్‌వాయిస్ నంబరు. యాడ్ బిల్లులు నెలకి మూడో నాలుగో ఉంటాయి కాబట్టి పది నిమిషాల పని. నెలవారీ వాళ్లకి 3బీ గడువు 20వ తేదీ, మూడు నెలలకోసారి వేసేవాళ్లకి మన రాష్ట్రంలో త్రైమాసికం తర్వాత వచ్చే నెల 22.

ఎంత తేడా వస్తుందో ఒక లెక్క. జీడిపప్పు నెలకి 4,00,000 అమ్మితే 5 శాతం చొప్పున 20,000 టాక్స్. కొనుగోళ్ల మీద క్రెడిట్ 15,000 ఉందనుకోండి. ఇంకా 5,000 కట్టాలి. ఆ నెల యాడ్లకి 20,000 పెట్టి ఉంటే 3,600 క్రెడిట్ వస్తుంది, కట్టాల్సింది 1,400.

5 శాతం సరుకు అమ్మేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. యాడ్లు బాగా ఎక్కువైతే క్రెడిట్ వాడుకోలేనంత పేరుకుపోవచ్చు. అమ్మకం రేటు కంటే కొనుగోలు రేటు ఎక్కువైతే రీఫండ్ ఇస్తారు కదా అనుకుంటారు గానీ, ఆ రీఫండ్ ముడిసరుకుల మీద కట్టిన టాక్స్‌కే, సేవల మీద కట్టినదానికి రాదు. దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 2021లో కోర్టు కూడా ఆ నిబంధన సరైనదే అంది. చిన్న వ్యాపారికి ఇది అన్యాయమని నా అభిప్రాయం, అయినా నిబంధన అదే కాబట్టి పేరుకున్న క్రెడిట్‌ని రాబోయే నెలల అమ్మకాల మీద వాడుకోవడమే దారి. విదేశాలకి ఎగుమతి చేసేవాళ్లకి మాత్రం సేవల మీద క్రెడిట్ కూడా రీఫండ్‌గా వస్తుంది.

వాడని డబ్బు వెనక్కి తీసుకున్నా, తప్పుడు క్లిక్కులకి ప్లాట్‌ఫారం కొంత తగ్గించి క్రెడిట్ నోట్ ఇచ్చినా, ఆ మేరకు ముందు తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఏజెన్సీ బిల్లు తీసుకుని 180 రోజుల్లోపు డబ్బు కట్టకపోయినా అంతే, కట్టాక మళ్లీ తీసుకోవచ్చు.

ఆఖరుగా గడువు. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుల మీద క్రెడిట్‌ని తర్వాతి నవంబరు 30 లోపు తీసుకోవాలి, వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే ఆ తేదీ లోపే. మార్చితో ముగిసిన సంవత్సరంలో మీ నంబరు మీద వచ్చి, మీరు తీసుకోని యాడ్ బిల్లులు 2బీలో ఇంకా ఉండి ఉండొచ్చు. పోర్టల్ తెరిచి, ఆ 12 నెలల 2బీలు దించి, 06తో మొదలయ్యే నంబర్లు వెతకండి. మా బావవి పోయాయి గానీ, ఇలా వెతికితే విజయనగరంలో మా స్నేహితుడి షాపుకి ఎనిమిది నెలల బిల్లులు దొరికాయి, నవంబరు రిటర్నులకి ముందే తీసేసుకున్నాడు.